హావ్‌లాక్‌లో స్కూబా డైవింగ్: అనంతపురం నుంచి పోయిన మా ఇద్దరి మాట

ఈ సంక్రాంతి సెలవుల్లో నేను, మా ఆయన అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపానికి పోయి స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునగడం) చేసి వచ్చాం. మా పెళ్లై ఇరవై ఏళ్లు. నేను అనంతపురంలో ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఆయనకు బోరు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. నాకు ఈత రాదు. ఆయనకు బీపీ ఉంది, రోజూ పొద్దున ఒక మాత్ర. ఈ రెండు సంగతులూ ముందే చెప్పడం ఎందుకంటే, మాలాంటి వాళ్లు చాలామంది ‘మనకెందుకులే’ అని ఆగిపోతారు, లేదంటే దాచిపెట్టి దిగుతారు. ఆగిపోవాల్సిన పని లేదు. దాచిపెట్టడం మాత్రం అస్సలు చేయకండి.

బయల్దేరేటప్పుడు మా అత్త ఒకటే మాట. “నీళ్లు చూడాలనుంటే జీడిపల్లి డ్యామ్ కాడికి పోయి రాండి. సముద్రంలో మునిగేదేందిమ్మా?” నిజమే, మా జిల్లాలో నీళ్లంటే కింద నుంచి పైకి తోడుకునేవే గానీ మనిషి దిగి చూసేవి కావు. కానీ పదహారేళ్లుగా ప్రవాళ భిత్తికల (పగడపు దిబ్బల) బొమ్మ బోర్డు మీద గీసి పిల్లలకు చెప్తున్నాను. ఒక్కసారి కంటితో చూడాలని నాకు గట్టిగా ఉండింది.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. అనంతపురం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్ట్ దాకా బస్సు. ఎయిర్‌పోర్ట్ ఊరికి ఇవతలే కాబట్టి సిటీ ట్రాఫిక్ తగలదు. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానం. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. హావ్‌లాక్‌ని 2018లోనే స్వరాజ్ ద్వీప్ చేశారు. టికెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడొద్దు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి ప్రైవేట్ ఫెర్రీలో రెండు గంటల లోపే చేరాం. అక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, పనులన్నీ పొద్దున్నే పెట్టుకోవాలి.

మేం మొదట పోయిన డైవింగ్ సెంటర్, చివరికి డైవ్ చేసిన సెంటర్ ఒకటి కాదు. హోటల్ వాళ్లు ఫోన్ చేసి ఇంకోచోట బుక్ చేశారు. దాని పేరు రాయను. అక్కడ రెండు పేజీల హెల్త్ ఫారం చేతికిచ్చి, చదివేలోపే “అన్నింటికీ నో పెట్టండి మేడం, ఎస్ పెడితే లేటవుతుంది” అన్నారు. మా ఆయన పెన్ను బీపీ ప్రశ్న దగ్గర ఆగింది. “ఎస్ కదా” అన్నారాయన. “నో పెట్టండి సార్, అందరూ అట్లే పెడతారు” అని జవాబు. ఆరుగురు టూరిస్టులకు ఇద్దరే ఇన్‌స్ట్రక్టర్లు. అప్పటికే పడవ ఇంజన్ ఆన్‌లో ఉంది. నేను ఫారం టేబుల్ మీద పెట్టి లేచి వచ్చేశాను. అడ్వాన్స్ 2,000 రూపాయలు తిరిగివ్వలేదు. పోతే పోయింది, ఆ డబ్బుకు నాకు బాధ లేదు.

ఇక మేం డైవ్ చేసిన సెంటర్. గోవింద్ నగర్ వైపు కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డు, ముందు రెండు సిమెంట్ తొట్లు, తీగ మీద ఆరేసిన వెట్‌సూట్లు (నీళ్లలో వేసుకునే రబ్బరు డ్రెస్సులు). చూడ్డానికి ఏమంత ఆర్భాటం లేదు. లోపల ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరే ఉన్నారు, నలభై ఏళ్లుంటాయి. మా ఎదురుగా కూర్చుని మేం నింపిన ఫారాన్ని గీత గీతా వేలు పెట్టి చదివారు. బీపీ దగ్గర ఆగారు. ఏ మాత్ర, ఎప్పటి నుంచి, పోయిన నెల చూపించినప్పుడు ఎంత ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అన్నీ అడిగారు. చివరికి హిందీలో మెల్లగా చెప్పారు: “ఈరోజు మిమ్మల్ని దించను. డాక్టర్ చూసి సంతకం పెడితే రేపు రండి. డబ్బు కూడా రేపే ఇవ్వండి.”

మా ఆయన ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ క్షణంలోనే ఈ మనిషి మీద నమ్మకం కుదిరింది. ద్వీపంలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి పోయాం. అక్కడి డాక్టరమ్మ బీపీ రెండుసార్లు చూసి, గుండె, ఊపిరితిత్తులు విని, చెవుల్లో లైటు వేసి చూసి, మందు అదుపులో పెడుతోంది కాబట్టి దిగొచ్చని రాసిచ్చారు. అలా ఒక రోజు పోయింది. ఆ సాయంత్రం రాధానగర్ బీచ్‌లో కూర్చున్నాం. తెల్లటి ఇసుక, వెనక ఎత్తైన చెట్లు, ఎంతసేపు చూసినా కళ్లకు చాలలేదు.

ఆ ఇన్‌స్ట్రక్టర్ అడిగిన ఇంకో ప్రశ్న, తిరుగు విమానం ఎప్పుడని. నీటి లోతులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి పీల్చే గాలిలోని నత్రజని రక్తంలో ఎక్కువగా కరుగుతుంది. అది నిదానంగా బయటికి పోవాలి. వెంటనే విమానం ఎక్కితే, అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి, గోలీసోడా కొట్టగానే బుడగలు లేచినట్టు ఒంట్లో బుడగలు లేచే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలన్నారు. మాకు మధ్యలో రెండు రోజులున్నాయి. ప్యాకేజీ బుక్ చేసుకునేవాళ్లు డైవ్‌ని ఆఖరి రోజుకు పెట్టుకోకండి.

మరుసటి రోజు ఏడుకల్లా పోయాం. మనిషికి 4,500 రూపాయలు, ఫొటోలు వీడియోలు అందులోనే. ఒక్కొక్కరికి ఒక ఇన్‌స్ట్రక్టర్. మా ఆయనకు నిన్న ఫారం చదివిన పెద్దాయన, నాకు ఒక తెలుగు కుర్రాడు. పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టాడట, వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చారట. “అమ్మా, మీరు ఊపిరి తీయడం, వదలడం తప్ప ఇంకేం చెయ్యక్కర్లేదు, మిగతాదంతా నేను చూసుకుంటాను” అన్నాడు. నిజంగానే చూసుకున్నాడు.

మా ఆయన సామాను చూస్తానంటే పెద్దాయన సంతోషంగా కంప్రెసర్ గదిలోకి తీసుకుపోయారు. ఇద్దరూ అరగంట బయటికి రాలేదు. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఈ డైవ్‌లకు వాడేది మామూలు గాలే, వడగట్టి, తేమ తీసేసి, 200 బార్ల దాకా ఒత్తిడితో నింపుతారు. మా ఆయన లెక్కలో చెప్పాలంటే, లారీ టైరులో కొట్టే గాలి నూటపది, నూటయిరవై పౌండ్లు. ఇందులో 2,900. అందుకే ఆయన మూడు చూశారు: సిలిండర్ మెడ మీద కొట్టిన పరీక్ష తేదీ, కంప్రెసర్ గాలి తీసుకునే పైపు ఎక్కడుందని, ఫిల్టర్ మార్చిన తేదీ రాసిపెట్టారా అని. గాలి తీసుకునే పైపు ఇంజన్ పొగ వచ్చేచోటికి దగ్గరగా ఉంటే ఆ పొగే సిలిండర్‌లోకి పోతుంది. ఇక్కడ పైపును షెడ్డు మీదుగా అవతలికి, ఎత్తులో పెట్టారు. తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని “పని తెలిసినోళ్లు” అన్నారు. షాపులో ముప్పై ఏళ్లుగా పంపులు విప్పిన మనిషి నోట అంతకంటే పెద్ద మాట రాదు.

ఆడవాళ్ల కోసం కొన్ని సంగతులు విడిగా చెప్పాలి, నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే టెన్షన్ తగ్గేది. వెట్‌సూట్ మెడ నుంచి మడమల దాకా ఉంటుంది, లోపల లెగ్గింగ్, టీషర్ట్ వేసుకోవచ్చు. తాళి తీయాల్సిన పని లేదు, సూట్ లోపలికి వేసుకుంటే చాలు. మెట్టెలు ఫిన్ (ఈదడానికి పాదాలకు తొడిగే తెడ్డు) రబ్బరుకు ఒరుసుకోకుండా ఆ కుర్రాడే టేపు చుట్టిచ్చాడు. ముక్కుపుడక చిన్నదైతే ఫర్వాలేదు. జడ బిగించి అల్లుకుని, నుదుటి మీది వెంట్రుకలన్నీ వెనక్కి దువ్వుకోండి. మాస్క్ (కళ్లు, ముక్కు కప్పే అద్దం) అంచు కింద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు కారుతూనే ఉంటాయి. బట్టలు మార్చుకునే గది ఒకటే, కానీ గడియ గట్టిగా ఉంది, లోపల కొక్కేలు, మంచినీళ్ల షవర్ ఉన్నాయి. నెలసరిలో దిగొచ్చా అని అడగడానికి నేను మొహమాటపడ్డాను. అక్కడ పనిచేసే అమ్మాయి తనే వచ్చి, ఇబ్బంది లేకపోతే దిగొచ్చని, గర్భంతో ఉంటే మాత్రం అస్సలు దించమని చెప్పింది.

మొదట రొమ్ముల దాకా నీళ్లలో నిలబెట్టి నేర్పించారు. నోటితోనే ఊపిరి, ఎప్పుడూ ఆపకూడదు. మాస్క్‌లోకి నీళ్లు వస్తే తల పైకెత్తి, పై అంచు నొక్కి, ముక్కుతో వదిలితే నీళ్లు పోతాయి. సైగలు కూడా నేర్పారు. చూపుడు వేలు, బొటనవేలు కలిపితే ‘బాగున్నాను’. బొటనవేలు పైకెత్తితే ‘పైకి పోదాం’. ఇది అలవాటవడానికి టైం పడుతుంది. మా ఆయన ప్రాక్టీసులో బాగుందన్నట్టు బొటనవేలు చూపించగానే పెద్దాయన ఏమీ అడక్కుండా వెంటనే పైకి తెచ్చేశారు. “మీరు ఈ సైగ చేస్తే నేను ఎందుకని అడగను, తెచ్చేస్తాను” అన్నారు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

విచిత్రం ఏమంటే ఈత రాని నాకు సులువైంది, ఈత వచ్చిన ఆయనకు కష్టమైంది. మా అత్తగారి ఊరు శింగనమల దగ్గర. ఆయన చిన్నప్పుడు అక్కడి దిగుడుబావిలో నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నారు. ఊపిరి బిగబట్టి బావి అడుగుకు పోయి, పిడికెడు బురద తెచ్చి చూపించడం వాళ్ల పందెం. ఆ అలవాటు ఒంట్లో పాతుకుపోయింది. తల నీళ్లలోకి పోగానే ఊపిరి దానంతటదే ఆగిపోతోంది. స్కూబాలో చేయకూడని పని అదే. ప్రతి పది మీటర్లకు ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్ (పైన మన మీద ఉండే గాలి ఒత్తిడంత) చొప్పున పెరుగుతుంది. పది మీటర్ల దగ్గర పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, అది ఊపిరితిత్తుల్లో రెట్టింపు వ్యాకోచించాలని చూస్తుంది. ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. అందుకే పెద్దాయన ఆయన్ని ఆ లోతులేని నీళ్లలోనే నలభై నిమిషాలు ఉంచారు. బుడగలు ఆగినప్పుడల్లా భుజం మీద వేలితో తట్టడం, బుడగలు రాగానే ‘బాగుంది’ సైగ చేయడం, ఇదే పని. వెనక ఇంకో జంట ఎదురుచూస్తోంది. అయినా తొందరపెట్టలేదు.

తర్వాత దిగాం. నేను కుర్రాడి చేయి పట్టుకుని. రెండు మీటర్లు పోగానే చెవుల్లో బిగువు మొదలవుతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వచ్చేదే, కానీ ఎక్కువ. ముక్కు మూసుకుని మెల్లగా చీదినట్టు చేస్తే చెవిలో చిన్న చప్పుడుతో తెరుచుకుంటుంది. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు, ముందే, మీటరు మీటరుకూ చేస్తూ పోవాలి. నాకు తెరుచుకున్నాయి. వెనక్కి చూస్తే మా ఆయన నాలుగు మీటర్ల దగ్గర అరచేయి అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తున్నారు. పెద్దాయన ఒక మీటరు పైకి తెచ్చారు, ఆగారు, మళ్లీ దించారు. మూడుసార్లు. నాలుగోసారి పెద్దాయనే బొటనవేలు పైకెత్తి ఆయన్ని పైకి తీసుకుపోయారు. నేను ఒక్కదాన్నే కిందికి పోయాను.

కింద ఏముందో చెప్పాలంటే ముందు చప్పుడు గురించి చెప్పాలి. సముద్రం లోపల నిశ్శబ్దం అనుకున్నాను. కాదు. మా ఊళ్లలో ఎండిన వేరుశనక్కాయలు వలిచేటప్పుడు పదిమంది కూర్చుంటే వచ్చే చిటపట ఉంటుంది చూడండి, సరిగ్గా అదే, నాలుగు దిక్కుల నుంచీ. పగడాల సందుల్లో ఉండే చిటికె రొయ్యలు చేసే శబ్దం అది. దాని మీద కరకరమని ఇంకో చప్పుడు. ఆకుపచ్చ, నీలం కలిసిన చిలుక చేప ఒకటి పగడపు బండను కొరికి తింటోంది. అది తిన్న సున్నపురాయి దాని పొట్టలో పొడై ఇసుకగా బయటికి వస్తుంది. నేను చూస్తుండగానే దాని వెనక తెల్లటి ఇసుక పొగలా రాలింది. ఇన్నేళ్లు చదివి చెప్పిన సంగతి కళ్ల ముందు జరిగేసరికి మాస్క్ లోపలే నాకు కన్నీళ్లొచ్చాయి.

సముద్ర కుసుమం (పువ్వులా కనిపించే జంతువు) తీగల్లాంటి టెంటకిల్స్ మధ్య క్లౌన్ చేపలు ఐదు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఆడది. అది చచ్చిపోతే తర్వాతి పెద్ద మగచేప ఆడదిగా మారుతుంది. ఆ పెద్దదే నా మాస్క్ దాకా వచ్చి నిలబడింది. అరచేతి దూరం. వాటి ఒంటి మీది జిగురు వల్ల కుసుమం ముళ్లు వాటికి తగలవు, మనకు తగులుతాయి. చేతులు ఛాతీ మీద కట్టుకోమని కుర్రాడు సైగ చేశాడు. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. భోగి రోజు పెట్టుకున్న గోరింటాకు ఎర్రగా పండింది, అక్కడ చూస్తే నల్లమట్టి రంగులో ఉంది. నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి. కుర్రాడికి నా ఆలోచన తెలిసిపోయిందేమో, టార్చ్ తీసి నా వేళ్ల మీద వేశాడు. గోళ్లు పది భగ్గుమని ఎర్రబడ్డాయి.

అంతా రంగులే అని అబద్ధం చెప్పను. పగడాలకు రంగు, తిండి చాలావరకు వాటి లోపల ఉండే శైవలాల (కంటికి కనపడనంత చిన్న నాచు) వల్ల. నీళ్లు వేడెక్కితే ఆ శైవలాలు వెళ్లిపోయి పగడాలు తెల్లబడతాయి. అండమాన్‌లో 2010లో పెద్ద ఎత్తున, 2016లో మళ్లీ అలా జరిగింది. మేం దిగినచోట విరిగిన పగడపు ముక్కలు చెరకు పిప్పిలా కుప్పలు పడి ఉన్నాయి. వాటి మధ్య కొత్తవి మొలుస్తున్నాయి. సెంటర్ వాళ్లు ఏదీ ముట్టుకోనివ్వలేదు, ఫొటో కోసం కూడా ఎక్కడా నిలబెట్టలేదు. ఒడ్డున పగడపు ముక్క ఏరుకున్నా బ్యాగులో పెట్టుకోకండి, అది చట్టప్రకారం నేరం.

పైకి వచ్చేసరికి మా ఆయన పడవ అంచున కూర్చుని ఉన్నారు. “ఏందిమే, చూసినావా?” అని అడిగారు. గొంతులో సంతోషమే ఉంది, కానీ నాకు తెలుసు. పెద్దాయన మాత్రం తేలిగ్గా చెప్పారు: “ఈరోజు మీ చెవి వద్దంది. రేపు పొద్దున్నే రండి, డబ్బు అక్కర్లేదు.”

మరుసటి రోజు నిజంగానే డబ్బు తీసుకోలేదు. తాడు పట్టుకుని, తల కిందికి పెట్టకుండా కాళ్లు కిందికి వేసి, అంగుళం అంగుళం దించారట. ఒడ్డున కూర్చుని నేను గడియారం చూస్తున్నాను, పద్దెనిమిది నిమిషాలకు ఆయన బుడగలు సముద్రం లోపలివైపుకు పోయాయి. తొమ్మిది మీటర్లు పోయారు. ఒడ్డుకు వచ్చి మాస్క్ తీసి, “ఎనిమిదొందల అడుగుల బోర్లలో మోటార్లు దించినా గానీ, ముప్పై అడుగుల్లో ఇంత ఉంటుందనుకోలే” అన్నారు.

లోపాలు కూడా చెప్పాలి. ఫొటోల్లో సగం మసక, పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడానికి సాయంత్రం దాకా తిప్పారు. నా సైజు ఫిన్స్ లేక పెద్దవి ఇచ్చారు, మడమ ఒరుసుకుపోయింది. డైవ్ తర్వాత టీ, బిస్కెట్ తప్ప ఏమీ లేదు, ఆకలి విపరీతంగా వేస్తుంది, వెంట అరటిపళ్లు పెట్టుకోండి. సెంటర్ పేరు రాయలేదు ఎందుకంటే మా అనుభవం అంతా ఆ పెద్దాయన వల్ల, ఆయన వచ్చే సీజన్‌కి ఇంకోచోటికి మారుతున్నానని చెప్పారు. మీరు ఎక్కడికి పోయినా ఫారంలో నిజం రాసి ఇవ్వండి, అది చదివాక వాళ్లు ఏం చేస్తారో చూడండి. ఒక్కరికి ఒక ఇన్‌స్ట్రక్టరా అని అడగండి. మధ్యలోనే పైకి రావాలనిపిస్తే డబ్బు సంగతి ఏంటని ముందే అడగండి.

దసరా సెలవులకి మా అమ్మాయిని తీసుకుపోవాలని ఉంది. ఇంటర్ చదువుతోంది. ఖాళీ ఫారం ఒకటి అడిగి తెచ్చుకున్నాను, మొన్న దాని చేతికిచ్చాను. వంటింట్లో ఉంటే ఆయాసం ప్రశ్న దగ్గర ఆగి, “అమ్మా, చిన్నప్పుడు నాకు పిల్లికూతలు వచ్చేవి కదా?” అని అడిగింది. వచ్చేవి. అవును అని టిక్ పెట్టమన్నాను. దిగడానికి ముందు ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించాలి.